కర్రోడికి ఇక గొట్టం వద్దండి

మావయ్యగారూ,

బడికి టైమైపోయింది, మిమ్మల్ని లేపకుండానే వెళ్తున్నాను. కర్రోడు పొద్దున్నే తనంతట తానే లేచి తోక ఊపుకుంటూ పెరుగన్నం తిన్నాడండి. ఆయాసం కూడా లేదు. గండం గడిచినట్టేనని పశువుల డాక్టరుగారు నిన్న సాయంత్రం ఫోన్లో చెప్పారు.

పదింటికి అరచెయ్యి దొప్పలా వంచి వాడి డొక్కల మీద మెల్లగా తట్టండి, లోపలి కఫం కదులుతుందట. తర్వాత మాత్ర అన్నం ముద్దలో పెట్టి ఇవ్వండి. దగ్గు తగ్గింది కదా అని మధ్యలో మానెయ్యకూడదట. తడి నేల మీద పడుకోనివ్వకండి, వరండాలో గోనెసంచి పరిచాను.

గేదెదూడలకి మందు పోసే వెదురు గొట్టం అటకెక్కించాను, దయచేసి వెతకొద్దు. కాస్త దగ్గుతున్నాడని మనం వాడి తల పైకెత్తి పోసిన మిరియాల కషాయం ఊపిరితిత్తుల్లోకి పోయిందట. నిమోనియా అలా వచ్చిందట. నలభై ఏళ్ళుగా దూడలకి పోసిన చెయ్యి మీది, కుక్కకి ఇలా అవుతుందని ఎవరనుకుంటారండి?

పప్పుచారు గిన్నె పొయ్యి మీదే ఉంది. మూడు రోజులై మీరు సరిగా తినలేదు. వాడు తిన్నాడు కదా, ఇక మీరూ తినండి.

వీరవేణి

ఇంకో మాటండి. గొట్టం మీరు పట్టుకున్నా, వాడి నోరు తెరిచి పట్టుకున్నది నేను. డాక్టరుగారు మిమ్మల్ని అన్ని మాటలంటుంటే నేను నోరు మెదపలేదు. మీరూ నా పేరు చెప్పలేదు.