తీగ బరువు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాలుగు రోజుల కిందట నాకు పాప పుట్టింది. దాని నడుం మీద చిన్న వాపుంది. కడుపులో ఉండగానే స్పర్శ నరాలు ఒక కొసను చర్మంలోకి, ఇంకో కొసను వెన్నుపాములోకి పెంచుకుంటూ పోతాయట. దీనికి ఆ పని పూర్తయిందో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. ఇవాళ అరికాల్లో సూదితో గుచ్చి చూశాడు. పాప కాలు లాక్కుంది, కానీ ఏడవలేదు.

"కాలు లాగీసింది గదే, ఇంకేటి బెంగ?" అంది అమ్మ.

కాలు లాక్కోడానికి వెన్నుపాము ఒక్కటే చాలట. ఏడిస్తేనే నొప్పి మెదడుదాకా చేరినట్టట.

నిమ్‌పురా రైల్వే కేబిన్‌లో, దూరంగా ఉన్న సిగ్నల్‌కి తీగతో కలిపిన లీవరు లాగుతూ నువ్వనేవాడివి: "బరువు సేతికి తెలాల. తేలిగ్గా వొచ్చీసిందంటే తీగ ఎక్కడో తెగిపోనాదన్నమాటే."

రేపు మళ్లీ గుచ్చుతారు. నా బిడ్డ గుక్కపెట్టి ఏడవాలని మొక్కుకుని కూర్చున్నాను.