నాలుగు మాచికాయలు

రాజమహేంద్రవరం, 1896

జూలై 1, ఉదయం 6.
పదో తారీకున స్కూలుకు ఇన్‌స్పెక్టరు దొర వస్తున్నాడు. పురుగుల తెగలు గుర్తుపట్టే మాస్టరుకు ప్రకృతి శాస్త్రం క్లాసు ఇస్తాడట. లేకపోతే నాకు జన్మంతా చూచిరాత క్లాసే.
శపథం: మాచికాయలో కందిరీగ ఏ తెగదో పదిలోగా తేలుస్తాను. (కందిరీగ గుడ్డు పెట్టినచోట చెట్టుకు లేచే బొడిపే మాచికాయ.)
సరంజామా: భూతద్దం. చిల్లుపడని కాయలు నాలుగు, అంటే పురుగు లోపలే ఉంది. దొరల పుస్తకం. అందులో అన్నీ ప్రశ్నలే. రెక్కలున్నాయా? రెండుకి పో. లేవా? తొమ్మిదికి పో. పోగా పోగా పేరు. ఇంత సులువా!

జూలై 2, సాయంత్రం 5.
మొదటి కాయ పగలగొట్టాను. ఆవగింజంత కందిరీగ, ఎండిపోయి ఉంది. రెక్కలున్నాయి. రెండుకి. మీసానికి కణుపులెన్ని? పదమూడు. మళ్లీ లెక్కపెడితే పద్నాలుగు. బుర్ర చురుకెక్కాలని ఒక పట్టు నశ్యం పీల్చాను. తుమ్ము. కందిరీగ లేదు.

జూలై 4.
రెండో కాయ. తుమ్మినా ఎగరకుండా పురుగును బెల్లం పాకంతో అట్టకు అంటించి స్నానానికి వెళ్లాను. వచ్చి చూస్తే రెక్కల్లేవు. రాలి ఉంటాయి. తొమ్మిదికి. నడుములో బొడిపె. పదకొండుకి. జవాబు: చీమ.
ఆనందం పట్టలేక మా ఆవిడ నాగేశ్వరిని పిలిచాను. భూతద్దం లేకుండానే చూసింది.
"చీమేనండి. మీ పురుగుని తినేసి కూర్చుందండి."

జూలై 6.
మూడో కాయ లేదు. అత్తగారు సానమీద అరగదీసి చంటివాడి ఉగ్గులో కలిపేశారు. ఆవిడ నాతో మాట్లాడరు కదా, తలుపు వెనకనుంచి కూతురితో అన్నారు: "పిల్లాడికి విరేచనాలని చెప్పవే అమ్మా."
"లోపల పురుగుందని చెప్పవే" అన్నాను.
"వెంటనే కట్టేశాయని చెప్పవే" అన్నారు.

జూలై 8.
ముసురు. మబ్బులో కణుపులు లెక్కపెడితే కళ్లు పోతాయి. నాలుగో కాయ భద్రం.

జూలై 9.
రేపే దొర. పేరెలాగూ తేలలేదు, పడ్డ పాట్లైనా రాసి ఇద్దామనుకున్నాను. సిరా అయిపోయింది. అన్నభేది ఉంది. మాచికాయ కూడా ఉంటే సిరా కాచుకోవచ్చు.
ఉంది.

జూలై 10.
దొర నా కాగితం తిప్పి తిప్పి చూశాడు. ఎంత నల్లటి సిరా, ఎంత మంచి దస్తూరీ అన్నాడు. నాకు చూచిరాత ఇంకో రెండు క్లాసులకు పెంచాడు. ప్రకృతి శాస్త్రం లెక్కల మాస్టరు గోపాలకృష్ణమూర్తిగారికి. ఆయన చీమను చూపించి చీమ అన్నారు. ఏడుపొచ్చింది.

జూలై 11, ఉదయం 6.
మాచికాయలకు సామర్లకోట కబురు పెట్టాను. నశ్యం మానేశాను (పొద్దుటినుంచి). బెల్లం అటకెక్కించాను. దొర మళ్లీ ఏడాది వస్తాడు. శపథం: ఈసారి తేలుస్తాను.
ఇది రాస్తున్నది నాలుగో కాయ సిరాతోనే. పై వరసలో ఒక చుక్కకు మీసం ఉన్నట్టుంది. భూతద్దం తీశాను.
పదమూడు. కాదు, పద్నాలుగు.