బండిలో ఊదుబత్తి

అల్లుడు భీమన్నకు,

నీ బండిలో ఊదుబత్తి వెలిగించేది దేవుడి కోసమా, పెట్రోలు వాసన తెలియకుండానా?

నిన్న గద్వాలలో అడిగితే, "నువ్వే చెప్తివి గద మామా, రోజు ధూపం పెట్టుమని! గిప్పుడు పెట్రోలు వాసన గూడ వస్తలేదు" అని నవ్వావు.

నువ్వు చాయ్ తాగుతుంటే వంగి బండి కింద చూశాను. ట్యాంకు రబ్బరు పైపు పగిలింది. కారకుండా పగులుకు నువ్వు పూసిన సబ్బు పక్కనుంచే పెట్రోలు కారుతోంది.

లక్క ఇంట్లో వాసన పసిగట్టినవాళ్లే బతికారని భజనల్లో గొంతు చించుకునే నేను, నా మాటే నిప్పయిందని జనం ముందు ఒప్పుకోలేక నోరు మూసుకున్నాను.

ఈ సాయంత్రం అమరచింత భజనకు మీ అత్తతో పాటు పదిమంది ఆడవాళ్లు ఆ బండే ఎక్కుతారు.

ఈ చీటీ అందగానే ఊదుబత్తి ఆర్పు. బండి కదిలించకు. మెకానిక్‌ను అక్కడికే పిలిచి ఈరోజే, ఇప్పుడే పైపు మార్పించు.

మీ మామ