సొరబుర్రలో ఏముందంటే

నవంబరు 3, సోమవారం

తెల్లవారకముందే మా అన్న కిటికీ కింద గంట కొట్టాను. పదకొండేళ్లుగా కొడుతున్నాను. ఈ రోజు యెషయా. మనిషి ఒకే దుంగలో సగం పొయ్యిలో పెట్టి చలి కాచుకుంటాడు, మిగతా సగాన్ని నిలబెట్టి నన్ను కాపాడమని మొక్కుతాడు. ఇంతకంటే తేటగా ఏ ప్రవక్త చెప్పగలడు? మధ్యలో మెగాఫోన్ బ్యాటరీ చచ్చింది. నా గొంతు చావలేదు.

అన్న పళ్లపుల్ల నములుతూ బయటికి వచ్చాడు. ఏమే అబెనీ, మీ దేవుడికి చెవుడా, కోడి కూడా లేవకముందే ఆ అరుపులేంటి అన్నాడు. చెవుడు నీకు, ఆయనకు కాదు అన్నాను. రాత్రి గింజలు వేసి చూశాలే, ఇవాళ నీ అకారా మాడిపోతుంది అన్నాడు. మాడలేదు. అమ్మకానికి వేసిన బొబ్బర్ల వడల్లో ఒక్కటి మాడింది. అది నేనే తినేశాను. అన్నకు చెప్పను.

అన్న పేరు ఇఫాతోగున్. పలక మీద ఇఫా గింజలు వేసి జనానికి జరగబోయేది చెబుతాడు. మా నాన్నదీ అదే పని. నాన్న పోయాక ఆ పలక, గింజలు, పూజగదిలో తెల్లగుడ్డ కప్పి ఉంచిన సొరబుర్ర, అన్నీ అన్నకే వచ్చాయి. నాకు రక్షణ వచ్చింది. ఎవరి ఆస్తి వారిది.

నవంబరు 6, గురువారం

చర్చిలో కొత్త సాక్ష్యం. మొన్నటిదాకా అతని పేరు ఇఫాసోలా, ఇప్పుడు బ్రదర్ సామ్సన్. కొన్ని నెలలు మా అన్న దగ్గర శిష్యరికం చేసి, పద్యాలు నోటికి రాక మానేసినవాడు. మైక్ అందుకోగానే ఏడ్చాడు. తర్వాత చెప్పాడు. ఆ గదిలో, తెల్లగుడ్డ కింద, సొరబుర్రలో పసిపిల్లల పుర్రెలున్నాయట. తన కళ్లతో చూశాడట.

ఈ వానాకాలం తట్టు సోకి మా పేటలో చాలామంది పిల్లలు పోయారు. ఆ తల్లులు ముందు వరుసల్లోనే కూర్చున్నారు. వాళ్ల గొంతుల్లోంచి వచ్చిన మూలుగు నేను ఏ ప్రార్థనలోనూ వినలేదు.

సాక్ష్యాలు నాకు కొత్త కాదు. మా చర్చిలో మారుమనస్సు పొందిన ప్రతివాడూ ఒకప్పుడు సైతానుకు కుడిభుజమే. మామూలు విగ్రహారాధికుడు ఒక్కడూ లేడు. ఒకడు గుడ్లగూబై ఎగిరాడు. ఇంకొకడు సముద్రం అడుగున కాపురం చేశాడు. పోయినేడు చెట్టెత్తు ఎగిరినవాడు ఈ ఏడు మబ్బుల్లోకి వెళ్లాడు. ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఎందుకంటే వాళ్లు తమ మీద తామే చెప్పుకున్నారు. సామ్సన్ ఇంకొకడి మెడకు చుట్టాడు.

మీటింగ్ అయ్యాక డాడీ పిలిచారు. మా పాస్టర్ అకిన్వాలెను అందరూ డాడీ అంటారు, నాకంటే చాలా చిన్నవాడు. పదిహేనో తారీఖు మార్కెట్ మైదానంలో క్రూసేడ్, పెద్ద సువార్త సభ. సామ్సన్ తర్వాత మీరు ఎక్కాలి సిస్టర్, మీరు ఆ ఇంట్లో పుట్టినవారు, ఇద్దరు సాక్షుల నోట మాట స్థిరపడాలని వాక్యం కదా అన్నారు. వాక్యం నాకు తెలుసు. ద్వితీయోపదేశకాండం పంతొమ్మిది. దాని కింది వచనాలూ తెలుసు. అబద్ధసాక్షి ఎదుటివాడికి ఏ కీడు తలపెట్టాడో అదే వాడికి చేయమని ఉంది. డాడీ అక్కడిదాకా చదివినట్టు లేరు.

నవంబరు 7

ఉపవాసం. ఏం చెయ్యాలో చూపించమని అడగలేదు. అది మోషే రాతిపలక మీదే ఉంది, తొమ్మిదో ఆజ్ఞ, అబద్ధసాక్ష్యం పలకకూడదని. ధైర్యం మాత్రం అడిగాను.

నవంబరు 8, శనివారం

అకారా వేస్తుంటే మోటార్‌సైకిల్ కుర్రాళ్ల మాటలు చెవిన పడ్డాయి. క్రూసేడ్ అయిపోగానే నేరుగా ఇఫాతోగున్ ఇంటికేనట. కిరోసిన్ నాది అన్నాడొకడు. పాత టైర్లు నావి అన్నాడు ఇంకొకడు. పెళ్లికి వంటపనులు పంచుకుంటున్నట్టే పంచుకున్నారు. నన్ను చూసి, మీరు స్టేజీ ఎక్కి ఊఁ అనండి చాలమ్మా, మిగతాది మేం చూసుకుంటాం అన్నారు. మరిగే నూనెలోంచి గరిట తీసి చూపించాను. నవ్వారు. సరదాకి అనుకున్నారు.

సాయంత్రం అన్న ఇంటికి వెళ్లాను. ఇన్నేళ్లలో కిటికీ దాటి గుమ్మం తొక్కడం ఇదే మొదటిసారి. అన్న అమాలా ముద్ద తింటున్నాడు. కూర్చోమనలేదు, గిన్నె మాత్రం నావైపు జరిపాడు. వద్దన్నాను. దేవతలకు పెట్టింది కాదులేవే, మీ వదిన వండింది అన్నాడు.

విషయం చెప్పాను. ఆ వేళకు ఊళ్లో ఉండకు, ఇబాదాన్ పట్నం పో అన్నాను. పారిపోతే పుర్రెలున్నాయని నేనే ఒప్పుకున్నట్టు కాదా అన్నాడు. అయితే బుర్ర బయటికి తెచ్చి, తెరిచి, నలుగురికీ చూపించు అన్నాను. అది దీక్ష ఉన్న మగవాళ్లకే, ఆడదాని కంట పడితే ఆమె కళ్లు పోతాయి, ఆ ఇంట్లో పుట్టి నీకు తెలియదా అన్నాడు.

అన్నాక నా కళ్లలోకి చూశాడు. నేను అతని కళ్లలోకి చూశాను. ఇద్దరమూ నవ్వలేదు.

అప్పుడు నాకు పదేళ్లు, అన్నకు పన్నెండు. నాన్న పొలానికి వెళ్లాడు. మేక పూజగదిలో దూరింది. దాన్ని తరుముతుంటే బుర్ర దొర్లి మూత ఊడింది. ఇద్దరం కలిసి ఊడ్చి, ఎత్తి, ఏది పైనో ఏది కిందో తెలియక ఎలాగోలా సర్ది మూత పెట్టేశాం. నాన్న పోయేదాకా దానికే మొక్కాడు. ఆయనకు ఏమీ తేడా తెలియలేదు, దానికీ తెలియలేదు. నా కళ్లు పోలేదు. యాభై రెండేళ్లు వచ్చాయి, చిన్నక్షరాల బైబిలు కళ్లజోడు లేకుండా చదువుతాను.

స్టేజీ ఎక్కి ఏం చెప్తావు అని అడిగాడు. చూసింది చెప్తాను అన్నాను. చెప్తే నా దగ్గరకు ఇంకెవరొస్తారే, నాకు కూడెలా అన్నాడు. చెప్పకపోతే నీకు ఇల్లుండదు అన్నాను. గిన్నె తన వైపు లాక్కున్నాడు.

నవంబరు 10, సోమవారం

డాడీకి చెప్పేశాను. పుర్రెలు లేవు అన్నాను. మీరు చూసింది ఎప్పుడో చిన్నప్పుడు, ఆ తర్వాత పెట్టి ఉండొచ్చు కదా అన్నారు. ఆ తర్వాతది నేను చూడలేదు, చూడనిదానికి సాక్షినెలా అవుతాను అన్నాను. సిస్టర్, ఆ ఒక్క మాటకు వందలమంది ప్రభువు దగ్గరకు పరుగెత్తుకొస్తారు, ఆలోచించండి అన్నారు. అబద్ధానికి తండ్రి ఎవడో యోహాను ఎనిమిదిలో ఉంది, వాడి వలలో పడ్డ చేపలు ప్రభువు పడవలోకి ఎందుకొస్తాయి అన్నాను.

డాడీ మొహం ముడుచుకుంది. మీలో అన్న మీద రక్తపాశం మాట్లాడుతోంది అన్నారు. రక్తం కాదు, నిర్గమకాండం అన్నాను.

చివరికి మెత్తబడ్డారు. పోనీ మీరు ఎక్కకండి, ఇంట్లో కూర్చుని ప్రార్థన చేసుకోండి, ఊరుకుంటే చాలు అన్నారు. ఊరుకుంటే చాలని, తల తీయించే ముందు హేరోదు కూడా బాప్తిస్మమిచ్చే యోహానుకు కబురు చేసే ఉంటాడు.

నవంబరు 14

పిండి రుబ్బలేదు. రేపు అమ్మకం లేదు.

నవంబరు 15, శనివారం. రాత్రి



మైదానం నిండిపోయింది. సామ్సన్ తెల్ల సూట్‌లో వచ్చాడు. మొదటిసారి చర్చిలో ఎన్ని పుర్రెలో చెప్పలేదు, ఇవాళ ఏడు. అప్పుడు అవి ఊరికే ఉన్నాయి, ఇవాళ ఏడుస్తున్నాయి. ఒక తల్లి నేలమీద పడి దొర్లింది. వెనక మోటార్‌సైకిళ్లు స్టార్ట్ అయ్యాయి. ఆ కుర్రాళ్లలో ఒకడి సీటు వెనక డబ్బా కట్టి ఉంది.

నన్ను ఎవరూ పిలవలేదు. ఎక్కాను. ఆమె ఇఫాతోగున్ చెల్లెలు, రెండో సాక్షి వచ్చింది అని జనమే చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే సామ్సన్ చేతిలోంచి మైక్ తీసుకున్నాను. డాడీ లేచారు. ఇంతమంది ముందు నా చేతిలోంచి ఎలా లాక్కుంటారు? కూర్చున్నారు.

ఇలా అడిగాను. ఈ ఊళ్లో ఆ సొరబుర్రను నాకంటే ఎక్కువ అసహ్యించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి అన్నాను. ఎవరూ ఎత్తలేదు. పదకొండేళ్లుగా తెల్లవారకముందే మిమ్మల్ని నిద్రలేపి, తిట్లు తిని, ఆ కిటికీ కింద అరిచింది ఎవరు అన్నాను. నువ్వే, మా నిద్ర నాశనం చేసింది నువ్వే అని ఎవరో అరిచారు. అందులో ఒక్క పసిబిడ్డ ఎముక ఉందని తెలిస్తే నేను ఊరుకునేదాన్నా అన్నాను. పోయిన పిల్లల్లో చాలామందికి కడసారి నీళ్లు పోసింది ఈ చేతులే, ప్రతి బిడ్డా ఎక్కడ పడుకుందో వాళ్ల అమ్మకు తెలుసు, నాకు తెలుసు, తట్టు తీసుకుపోయింది, మా అన్న కాదు అన్నాను. దొర్లిన తల్లి లేచి కూర్చుంది.

అప్పుడు చెప్పాను. ఆ బుర్ర మూత ఊడిన రోజు నేను చూశాను. సుద్దముక్క, బొగ్గు, ఎండిన బురద. అంతే. దానికోసం టైర్లు కాల్చడానికి వెళ్తున్నారా అన్నాను.

చేపలమ్మే ముసలావిడ కాబోలు, సుద్దముక్కా, దానికా మా ఆయన మూడు మేకల్ని ఇచ్చాడు అంది. పక్కవాళ్లు నవ్వారు. ఆ నవ్వు వెనక వరుసలదాకా పాకింది. మోటార్‌సైకిళ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కిరోసిన్ డబ్బా కుర్రాడు దాన్ని విప్పి నేలమీద పెట్టి దానిమీదే కూర్చుని నవ్వాడు.

మా అన్న దేవుళ్లు మూగవాళ్లు, మారుమనస్సు పొందకపోతే నరకానికే పోతాడు, కానీ మీరు మోసిన అబద్ధం మీద ఎక్కి కాదు అని ముగించాను. మైక్ సామ్సన్ చేతిలోనే పెట్టాను. మళ్లీ మాట్లాడు బ్రదర్, చూసింది మాట్లాడు అన్నాను. మైక్ కింద పెట్టి మెట్లు దిగిపోయాడు.

ఆ రోజు బుర్ర సర్దిన చేతులు ఇంకో రెండు ఉన్నాయని చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

నవంబరు 16, ఆదివారం

డీకన్ వచ్చి గంట, మెగాఫోన్ తీసుకుపోయాడు. నా పేరు ప్రసంగీకుల జాబితాలోంచి తీసేశారట. అన్యుల పక్షాన సాక్ష్యం చెప్పానట. మీరు సారీ చెబితే మూడు నెలల్లో వెనక్కి తీసుకుంటారమ్మా అన్నాడు పాపం, కళ్లు దించుకుని. దేనికి సారీయో రాసి పట్టుకురా, చదువుతాను అన్నాను.

అతను వెళ్లిన వెంటనే అన్న. లోపలికి రాలేదు, వీధిలోనే నిలబడి అరిచాడు. నిన్నటినుంచి పిల్లలు నన్ను చూసి సుద్దముక్క తాతా అంటున్నారే, నాన్న పేరు గంగలో కలిపావు, అంతకంటే ఇల్లు తగలబెట్టించినా బాగుండేది అన్నాడు. ఇల్లు ఉండబట్టే కదా ఇక్కడిదాకా వచ్చి అరుస్తున్నావు అన్నాను. వెళ్తూ వెళ్తూ ఆగి, గొంతు తగ్గించి, ఆ రోజు నేనూ ఉన్నానని ఎందుకు చెప్పలేదు అని అడిగాడు. నేను పొయ్యి ఊదుకుంటూ ఉండిపోయాను.

నవంబరు 19

అకారా సగం మిగిలింది. చర్చివాళ్లు నా దగ్గర కొనడం మానేశారు. ఇఫావాళ్లు ఎప్పుడూ కొనలేదు. ముస్లిములు కొంటున్నారు.

నవంబరు 23, ఆదివారం

చర్చి గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల నిలబడి ప్రసంగించాను. రోడ్డు డాడీది కాదు. వినడానికి ముగ్గురు. అందులో ఒకడు విగ్రహారాధికుడు, పళ్లపుల్ల నములుతూ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తప్పు చోట ఆమెన్ అన్నాడు. ఆపి, సరిచేసి, మళ్లీ మొదటినుంచి చెప్పాను.