ముక్కుకు అందని వాసన

పిల్లల అమ్మకు,

అలసట తప్ప నాకు ఏ ఇబ్బందీ లేదు. పొయ్యి గ్యాసు గొట్టం వెంటనే మార్పించమని నిన్న ఫోనులో అన్నాను గానీ, కారణం చెప్పడానికి నోరు రాలేదు. మా ల్యాబులో జింక్ ఆక్సైడుతో వెంట్రుక కన్నా ఎంతో సన్నని తీగలు పెంచి, గ్యాసు తగిలితే మోగే బిళ్లలు చేస్తున్నాం. మొన్న ఒకటి మోగింది. నాకు వాసనేమీ తగల్లేదు. బిళ్ల పాడైందని రోజువారీ పుస్తకంలో రాసేశాను. అంతలో మా ల్యాబు మెకానిక్కు వచ్చి, "ముక్కుకు సెలవిచ్చావా బాబాయ్? గదంతా గ్యాసు కంపు!" అన్నాడు. బిళ్ల బాగానే ఉంది. ఆ తీగలు పెంచడానికి వాడే అమోనియా పొగకు ఇన్నేళ్లలో పోయింది నా ముక్కే.

పోయినసారి నేనొచ్చినప్పుడు వంటింట్లో గ్యాసు వాసన వస్తోందని నువ్వంటే, నీ భ్రమ అని కసిరాను. నువ్వన్నదే నిజం అయ్యుండాలి. గొట్టం మార్చారా? రాయి.

మా అమ్మకు నమస్కారం, పిల్లలకు దీవెనలు. నేనొచ్చినప్పుడు పాలు విరిగాయేమో వాసన చూడమని నాకివ్వకు.