మామయ్య లేచి నిలబడ్డాడు

అమ్మా, వందనాలు. ముందు కళ్లు తుడుచుకో. మీ అన్నయ్య నిక్షేపంగా ఉన్నాడు. మన ఊరి టైలరు మోసుకొచ్చిన చావు కబురు తప్పు. ఆ తప్పు నాదే.

మొన్న ఆదివారం మా చర్చిలో గతించిన పాస్టర్లను తలుచుకున్నాం. అందరం కలిసి విశ్వాస ప్రమాణం చెప్పాక వాళ్ల పేర్లు చదవడం సంఘ కార్యదర్శిగా నా పని. గోడమీది పాస్టర్ల బోర్డు చూసి పేర్లన్నీ కాగితంమీద ఎక్కించుకున్నాను. అందులో రిటైరైనవాళ్లు కూడా ఉంటారన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. చిట్టచివర మామయ్య పేరు చదివేశాను. గుమ్మం దగ్గరున్న టైలరు అంతవరకే విని, మన ఊరి బస్సుకు పరిగెత్తాడు.

ముందు బెంచీలోంచి చేతికర్ర ఊతంతో మామయ్య లేచి నిలబడ్డాడు. అందరూ మెడలు తిప్పి చూశారు. నేను గబుక్కున కాగితం వెనక్కి దాచుకున్నాను.

"చనిపోయినవాళ్లు లేస్తారని నమ్ముతున్నామని ఇప్పుడే కదయ్యా అందరూ గొంతెత్తి చెప్పారు! తీరా ఒకడు లేస్తే ఇంత కంగారేమిటి?" అన్నాడు.

పాటలు పాడేవాళ్లతో సహా అందరూ పగలబడి నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

నువ్వు హడావిడిగా బయల్దేరకు. వంటింటి కప్పు కారడం ఆగిందా? నా పాత కళ్లజోడు బీరువాలో ఉంటే ఎవరిచేతైనా పంపు. మోకాలికి తైలం మానకు. చెల్లి పిల్లలకు నా దీవెనలు.

మామయ్య నిన్ను అడిగానని రాయమన్నాడు. నామీద మాత్రం ఇంకా గుర్రుగానే ఉన్నాడు. పేరు చదివినందుకు కాదు, చదివేటప్పుడు నా గొంతు కాస్తయినా వణకనందుకట.

నీ పెద్దాడు