మధ్యాహ్నం దాటాక వేయకూడని మాత్ర

గిద్దలూరు, 1946 నవంబరు 4

మందు మనిషిని మారుస్తుందా, లోపలున్నవాడిని బయటికి లాగుతుందా? మద్రాసులో వైద్యం చదివే రోజుల నుంచీ ఈ ప్రశ్నను మోస్తున్నాను.

నరసయ్య వచ్చాడు. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలుతూనే నిద్రలోకి జారే మనిషి. బావిలో పడబోతే అంచున రెండుసార్లు పట్టుకున్నారట.

"దయ్యం గాదామ్మా?"

కాదు, జబ్బు. గుండె, నాడి బాగున్నాయి. మెలకువగా ఉంచే యాంఫెటమిన్ మాత్ర, పొద్దున ఒకటే. మధ్యాహ్నం దాటాక వద్దు. పొట్లం భార్య ఓబులమ్మ చేతికిచ్చాను. కొంగున ముడి వేసుకుంది.

నవంబరు 11

"ఇన్నేండ్లూ యాడుంటినమ్మా నేను!" — నరసయ్య, కళ్లు తెరుచుకుని.

నవంబరు 23

నెత్తురు. బండిలో చొప్ప మీద ఓబులమ్మ. ఎడమ చెయ్యి విరిగింది, నెత్తి చీలింది. మొగుడి ముల్లుగర్ర దెబ్బలు.

జొన్నచేను కావలి మొదలైంది కదా. పందులు పడకుండా మంచె మీద మేలుకోవాలని నరసయ్య ఆమెకు తెలియకుండా సాయంత్రం ఒక మాత్ర తీసి మింగాడట, ఆ పైన ఇంకొకటి. నిద్ర లేక లేక, చేలో పందులకు బదులు మనుషులు కనబడ్డారు. వాళ్లను పిలిపించింది పెళ్లామేనని అతని అనుమానమట. ఇంకో మాత్ర కావాలన్నాడు. ఆమె ముడి విప్పలేదు.

"పొద్దు వాలినాక ఇయ్యద్దని మీరే చెప్తిరి గదమ్మా."

నెత్తికి కుట్లు వేసి, చేతికి బద్దలు కట్టాను.

నవంబరు 24

నరసయ్యను మోకుతో కట్టి తెచ్చాడు తమ్ముడు. పళ్లు కొరుకుతున్నాడు. నాడి లెక్కకందదు. పట్టబోతే నా మణికట్టు కరిచాడు. మాత్ర బంద్; పొట్లం వెనక్కి తీసుకున్నాను.

నవంబరు 27

ఒళ్లెరగని నిద్ర నుంచి లేచాడు. భార్యను చూసి —

"ఎవరు కొట్టినారే నిన్ను?"

"పంది పొడిసిందిలే."

అతను నమ్మాడు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో?

నవంబరు 29

సంగటి ముద్ద నోట్లో ఉండగానే తల వాల్చేశాడు. ఊపిరాడక నీలమయ్యాడు, వేలు పెట్టి లాగాను.

"మాత్ర ఇయ్యమ్మా. కావలికి మా మరిది పోతాడు."

"నా దగ్గరే ఉంచుతాను. రోజూ పొద్దున రమ్మను."

"కొమరోలు అవతలుండే మా ఊరి నుంచా! దోవలోనే పండుకుంటాడు. నా కొంగునే కట్టండి."

"మళ్లీ కొడితే?"

"కుడిచెయ్యి బాగుంది గదా" — నవ్వబోయి కుట్లు పట్టుకుంది.

మరిది చేతికిద్దామంటే — "వాడా? వాడు కావల్లో మింగుతాడు."

నవంబరు 30

బండి కట్టారు. ఓబులమ్మ ఎక్కలేదు, గుమ్మంలో నిలబడి ఉంది. కొంగు చాచి.

ఇవ్వకుండా పంపితే అతను ఏ బావిలోనో... ఇస్తే, దాచిపెట్టే మనిషే దెబ్బలు తినాలి. తింటానంటున్నది తనే. ఆమె ఒప్పుకుంటే నాకు చాలా?

"ఏందమ్మా, ఎండ ఎక్కుతాంది."

ఇవ్వాలో వద్దో నాకు తెలియడం లేదు.